ఊగే స్టాండు

కసరత్తు సామాన్ల షాపులో, డిప్ బార్ల (చేతుల మీద ఒళ్ళు నిలిపి కిందికి దిగి పైకి లేచే డిప్స్‌కి వాడే జంట కమ్మీలు) మీద రెండు చేతులూ ఆనించి ఒళ్ళు పైకి లేపానో లేదో, స్టాండు కిర్రుమని ఎడమ పక్కకు ఊగింది. దిగిపోయాను.

“ఏం కాదన్నా, 150 కేజీలు తట్టుకుంటాది” అన్నాడు షాపు పిల్లోడు. నా బరువు 78. కానీ బరువు మోయడం వేరు, ఊగకుండా నిలబడడం వేరు కదా! వంగి చూస్తే కాళ్ళ అడుగు జానెడు వెడల్పు కూడా లేదు. ఒక కాలికి రబ్బరు బూటే లేదు.

డిప్స్‌లో భుజాల మీద భారం బాగా పడుతుంది. కిందికి దిగేటప్పుడు బార్ కదిలితే ముందు పోయేది అవే.

పొద్దున టేపు పెట్టి కొలిస్తే బీరువాకీ మంచానికీ మధ్య మిగిలింది నాలుగడుగులు. పై కమ్మీకి వేలాడి ఒళ్ళు పైకి లాగే పుల్‌అప్స్ కూడా చేసుకునే పెద్ద టవర్ ఆశ అక్కడే పోయింది, పైన ఫ్యాను. కాళ్ళకైతే ఏమీ కొననక్కర్లేదు, అలిపిరిలో 3550 మెట్లున్నాయి.

చివరికి మధ్యలో అడ్డకమ్మీతో బిగించే పొట్టి బార్లు, ఒక జత రెసిస్టెన్స్ బ్యాండ్లు (కసరత్తుకు లాగే సాగుడు పట్టీలు) తెచ్చుకున్నా. విప్పితే మంచం కిందకి పోతాయి.

సాయంత్రం చూస్తే బార్ల మీద రెండు తువ్వాళ్ళు. “ఊగకుండా బాగుండాయి” అంటోంది మా ఆవిడ.