కాలిన తోలుచుట్టలో హీబ్రూ అక్షరాలు వెతికిన నా థీసిస్ అనుభవం

ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసి జ్యూయిష్ స్టడీస్‌లో ఏం పీకుతున్నావురా అని అడిగేవాళ్ళు ఎక్కువైపోయారు, అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తా.

నా థీసిస్‌కి మూలం ఎన్‌గేదీ చుట్ట, అంటే తోలు మీద రాసి చుట్టిపెట్టిన పాత యూదు గ్రంథం. మృతసముద్రం పడమటి ఒడ్డున ఎన్‌గేదీలో, ఎప్పుడో కాలిపోయిన సినగాగ్‌ని (యూదుల ప్రార్థనా మందిరం) తవ్వుతుంటే 1970లో దొరికింది, చూడ్డానికి బొగ్గుముక్క, ముట్టుకుంటే పొడైపోద్ది, అందుకే దశాబ్దాల పాటు ఎవరూ విప్పే సాహసం చెయ్యలేదు. తర్వాత ఇజ్రాయెల్లో మైక్రో సీటీ (చాలా సూక్ష్మంగా లోపలి పొరల్ని చూపించే ఎక్స్‌రే స్కాన్) తీసి, ఆ డేటాని కెంటకీ యూనివర్సిటీలో బ్రెంట్ సీల్స్ టీమ్ కంప్యూటర్‌లోనే పొర పొరగా విడదీసి చదును చేస్తే యూదుల పవిత్ర గ్రంథం తోరాలోని లేవీయకాండం మొదటి అధ్యాయాలు బయటపడ్డాయి, 2016లో పేపర్ వచ్చింది. సిరాలో ఏదో లోహం ఉండబట్టి ఎక్స్‌రేలో అక్షరాలు తెల్లగా మెరిశాయి. వెసూవియస్ అగ్నిపర్వతం పూడ్చేసిన రోమన్ ఊరు హెర్క్యులేనియంలో దొరికిన చుట్టల్లో మసి సిరా, అంటే కాలి బొగ్గైన చుట్ట మీద మసి, కార్బన్ మీద కార్బన్, అక్కడ ఈ పప్పులు ఉడకవు, మెషిన్ లెర్నింగ్ పెట్టాల్సొచ్చింది.

నా ప్రశ్న చిన్నదే. లేవీయకాండం ఆ చుట్ట చదివేవాళ్ళకి కంఠతా వచ్చు కదా, మసక మచ్చ కనిపించినా బుర్రే అక్షరం పూరించేసుకుంటుంది, మరి పాఠం తెలియని చుట్టలో ఈ పద్ధతి ఎక్కడ తప్పు చదివిస్తుంది? అది తేల్చాలంటే చుట్ట మనమే చేసి మనమే కాల్చాలి.

మేకతోలు పార్చ్‌మెంట్ కొన్నాం, సిరా నేనే కాచా. తోరాని చేత్తో రాసే లేఖకులు, అదే సోఫెర్లు, వాడే సిరాలో మాచికాయ, తుమ్మజిగురు, అన్నభేది లాంటివే ఉంటాయి, నేనుండే జర్మనీలో మాచికాయ ఎక్కడ వెతుకుతాం అని అమ్మమ్మకి ఫోన్ చేసి పంపమంటే "ఎవరికిరా పురుడు?" అంది.

లేవీయకాండం మొదటి వాక్యాలే రాసి కాల్చేద్దాం అని నా ప్లాన్. జ్యూయిష్ స్టడీస్ గైడ్ మేడమ్ ససేమిరా అన్నారు. మొదటి వచనంలోనే దేవుడి పేరుంది, ఆ పేరున్నదాన్ని నాశనం చెయ్యకూడదు, పాతబడితే గెనీజాలో (అలాంటి పాత రాతలు దాచే గది) దాచిపెడతారు లేదా పాతిపెడతారు, కైరోలో బెన్ ఎజ్రా సినగాగ్‌లో లక్షల ముక్కలు మిగిలింది ఆ అలవాటు వల్లే. లాబ్‌లో కాల్చేదానికి కూడా ఇంత పట్టింపా అని లోపల విసుక్కున్నా. ఆవిడ అర్థంపర్థం లేకుండా హీబ్రూ అక్షరాల వరసలు ఒక స్టూడెంట్‌తో రాయించి, జవాబు కాపీ కవర్లో పెట్టి సీల్ చేసి తన దగ్గరే ఉంచుకున్నారు. అప్పుడు వెలిగింది, జవాబు ముందే తెలియకుండా చదివే బ్లైండ్ టెస్ట్, నాకు కావాల్సింది అదే, మూడు నెలలు నేను మీటింగుల్లో తన్నుకున్న సమస్యని వాళ్ళ మతనియమం ఒక్క పూటలో తీర్చేసింది.

ఆ తర్వాత అసలు నరకం సెగ్మెంటేషన్, అంటే స్కాన్‌లో ఒక్కో పొరని విడిగా గుర్తించడం. ఫర్నేస్‌లో తోలు ముడుచుకుపోయి పొరలు కొన్నిచోట్ల అతుక్కుపోయాయి, అక్కడికి రాగానే సాఫ్ట్‌వేర్ ఒక పొర మీంచి పక్క పొర మీదకి దూకేస్తుంది, దూకినట్టు మనకి తెలీదు, చదును చేశాక వరసలో సగం ఇంకో వరస అక్షరాలు వచ్చి కూర్చుంటాయి. ఆ చోట్లలో స్లైస్ తర్వాత స్లైస్ మౌస్‌తో పాయింట్లు పెట్టుకుంటూ పోవడమే, వేరే దారి లేదు.

కవర్ తెరిచాక తప్పులన్నీ ఎక్కువగా ఒకేచోట. దాలెత్, రేష్ అని రెండక్షరాలు, పై మూల కోణంగా ఉంటే దాలెత్, గుండ్రంగా తిరిగితే రేష్, మన ద, ధ లాగా చిన్న ముక్కలోనే తేడా అంతా ఉంది. ఇమేజ్ నీట్‌గా కనపడాలని అందరూ వాడే, చుక్కలు మరకలు తుడిచేసే డీనాయిజ్ ఫిల్టర్ ఆ కోణాన్నే అరగదీసేస్తోంది, దాలెత్‌లు బోలెడు రేష్‌లైపోయాయి. ఫిల్టర్ తగ్గిస్తే ఇమేజ్ చూడ్డానికి దరిద్రంగా ఉంది కానీ తప్పులు బాగా తగ్గాయి. థీసిస్‌లో పనికొచ్చే చాప్టర్ ఏదన్నా ఉందంటే నా లెక్కన అదే.

వైవాలో ఫిజిక్స్ ఆయన ఇందులో కొత్త ఫిజిక్స్ ఏది అన్నాడు, లేదండీ అన్నా. కంప్యూటర్ సైన్స్ ఆయన గ్రౌండ్ ట్రూత్, అంటే పోల్చుకోడానికి అసలు జవాబు, ఎలా వచ్చింది అని అడిగితే కవర్ సంగతి చెప్పా, దాని మీదే చాలాసేపు నడిచింది. చిన్న కరెక్షన్లతో పాస్ చేశారు, వాటిలో ఒకటి హీబ్రూ ఉదాహరణలు కుడి నుంచి ఎడమకి రాకుండా వర్డ్ తిప్పేసిన పేజీలు సరిచెయ్యడం, ఇంకా దాంతోనే కుస్తీ పడుతున్నా.