వైజాగ్ వానల కోసం టైర్లు మార్పించాను

నిన్ననే కారుకి నాలుగు టైర్లూ మార్పించాను. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

మాది స్విఫ్ట్, టైరు సైజు 185/65 ఆర్15. గాడి అడుగున ఉండే 1.6 మిల్లీమీటర్ల గుర్తు దాకా రబ్బరు అరిగిపోయింది, ఇక మార్చక తప్పదు. తేల్చుకోవలసింది ఒక్కటే: పెట్రోలు పొదుపు చేసే టైరా, తడి రోడ్డు మీద గట్టిగా ఆగే టైరా?

రెండూ ఒకేదాంట్లో దొరకడం కష్టం. టైరు తిరిగేటప్పుడు రబ్బరు నలిగి వేడెక్కుతుంది. ఆ వేడికి పోయేది మన పెట్రోలే. కానీ అలా నలిగే గుణం వల్లే తడి రోడ్డు మీద పట్టు వస్తుంది. రబ్బరులో సిలికా అనే పొడి కలిపితే రెండూ కొంతవరకు కుదురుతాయి.

ఇక షాపు సంగతి. ఊళ్ళో పేరున్నదే. "తడి రోడ్డు మీద ఏది బాగా ఆగుతుందండీ?" అని అడిగాను. కౌంటర్లో ఆయన తలెత్తకుండానే "మీ సార్ని తీసుకురండి మేడం, ఆయనకి చెప్తాను" అన్నాడు. మధురవాడ నుంచి గాజువాక దాకా ఏళ్ళ తరబడి హైవే మీద నడుపుతున్నది నేను. మా వారికి డ్రైవింగే రాదు. ఆ మాటే చెప్తే పక్కన కుర్రాళ్ళు నవ్వారు. "అందరూ మైలేజీ టైరే తీసుకుంటారు, మీరేమైనా రేసులకెళ్తారా?" అంటూ స్టార్ లేబుల్ చూపించాడు. ఆ స్టార్లు ఇంధన పొదుపుని బట్టి ఇచ్చేవి కదా, తడిలో పట్టు సంగతి చెప్పండి అంటే జవాబు లేదు. వంగి టైరు మీద ఉండే డాట్ (DOT) నంబరు చూశాను. చివరి నాలుగంకెలు 1822, అంటే 2022లో 18వ వారం తయారీ. ఇది పాత స్టాకండీ అన్నాను. "టైరేమైనా పాలా మేడం, విరిగిపోడానికి?" అన్నాడు, షాపంతా వినపడేలా. తల కొట్టేసినట్టయింది. బయటికొచ్చేశాను.

డబ్బు కట్టేది ఆడమనిషైతే ప్రశ్న అడగకూడదా? కూతుళ్ళకి కారు నేర్పించేవాళ్ళు టైరు మీద రాతలు చదవడం కూడా నేర్పించండి.

ఇంటికొచ్చి లెక్క వేశాను. ఏడాదికి పదివేల కిలోమీటర్లు, లీటరుకి పదహారు. మైలేజీ టైరుతో మూడు శాతం మిగిలిందనుకున్నా ఏడాదికి పంతొమ్మిది లీటర్లు, అంటే సుమారు రెండువేల రూపాయలు. వానలో అమ్మని ఎక్కించుకుని సింహాచలం ఘాట్ దిగేటప్పుడు, హనుమంతవాక దగ్గర ముందు లారీ సడన్‌గా ఆగినప్పుడు, ఆ రెండువేలు నాకు అక్కర్లేదు. మన ఊళ్ళో జూన్ వానలు పోతే అక్టోబరులో తుఫానులు. చదునైన ఊళ్ళో, ఎండల్లోనే ఎక్కువ తిరిగేవాళ్ళైతే మైలేజీ టైరు తీసుకోండి, కాదనను.

గాజువాకలో ఇంకో షాపులో పని అరపూటలో అయిపోయింది. టైరు పక్కభాగం మీద ట్రాక్షన్ (TRACTION) అని ఉంటే దాని అక్షరం చూడండి, మేలైనదాని నుంచి వరసగా: ఏఏ (AA), ఏ (A), బి (B), సి (C). తడి రోడ్డు మీద నేరుగా బ్రేకు వేసి చేసే పరీక్షకి ఇచ్చే గ్రేడు అది. అదే మోడల్, అదే సైజు యూరప్‌లో కూడా అమ్ముతుంటే అక్కడి లేబుల్‌లో తడి పట్టుకి విడిగా A నుంచి E దాకా ఒక అక్షరం ఉంటుంది, A అయితే మేలు. నేను అదీ చూసే ఎంచుకున్నాను. టైరుకి కొన్ని వందలు ఎక్కువైంది.

కొత్త టైర్లతో మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి, పైపొర అరిగితే గానీ అసలు పట్టు రాదు. నాలుగు టైర్ల డాట్ నంబర్లూ బిల్లు మీద రాయమన్నాను. అలవాటు లేదన్నారు. రాసేదాకా డబ్బు తీయలేదు.