చేతులు దించేసి గెలవడం

పోయిన సంక్రాంతికి మా మేనల్లుడు హైదరాబాద్ నుంచి భీమవరం వచ్చాడు. ఆత్రేయపురం పూతరేకు నోట్లో పెట్టుకుని, వేళ్లకంటిన నెయ్యి నాకుతూ, "మావయ్యా, హ్యాండ్స్ డౌన్ బెస్ట్ స్వీట్ ఇదే" అన్నాడు.

"చేతులు దించడమేంట్రా, నీ చెయ్యింకా డబ్బాలోనే ఉంది కదా!"

వాడికీ తెలీదు పాపం, అందరూ అంటున్నారని అనేశాడు.

ఇది 19వ శతాబ్దంలో గుర్రప్పందాల్లో పుట్టిన మాట. పోటీ గట్టిగా ఉన్నంతసేపూ జాకీ కళ్లెం బిగించి పట్టుకుని గుర్రాన్ని ఉరికిస్తూనే ఉండాలి. వెనక గుర్రాలు ఇక అందుకోలేవని తేలిపోయాక ఆ కష్టమెందుకు? కళ్లెం వదులు చేసి, చేతులు కిందికి దించేసి, తాపీగా గీత దాటేస్తాడు. మనం నల్లేరు మీద బండి నడక అంటామే, అచ్చం అదే. పోనుపోను గుర్రం మాయమై, "అందులో అనుమానమే లేదు" అన్న అర్థం మిగిలింది. పూతరేకుని నల్లేరు మీద నడిపించలేం కాబట్టి అక్కడ ఇంగ్లీషు వాళ్లదే పైచేయి.

మన కోడిపందాల బరిలో మాత్రం ఈ మాట పుట్టేది కాదు. కోడికి కళ్లెమెక్కడిది? పైగా కాకిడేగ మీద పందెం కాసిన మా బావ, అంటే వీడి నాన్న, చేతులు దించితేగా! రెండూ నెత్తి మీదే, ఇంటికొచ్చేదాకా.