లాకులు నేర్పిన సిగ్నలు

మన బడి గుర్తున్నవాళ్లకి గేటు ముందు వంతెన కూడా గుర్తుండే ఉంటుంది. ఇటు రోడ్డు, అటు బడి, నడుమ కాలువ. ఆటో ఎక్కిందంటే పక్కన సైకిలుకి చోటుండదు. సాయంత్రం బెల్లు కొడితే రెండు వైపుల వాళ్లూ ఎదురుపడి నిలిచిపోవడమే. సైన్సు క్లబ్బు పిల్లలు దానికి వైఫైతో నడిచే సిగ్నలు కట్టాలనుకుంటే ఈ వివరాలు పనికొస్తాయి. వంతెన బడిది కాబట్టి సరే. ప్రభుత్వ రోడ్డు మీద అనుమతి లేకుండా దీపం నాటకూడదు.

సూత్రం మన కాలువల మీదే ఉంది. పడవల్ని ఒక నీటిమట్టం నుంచి మరో మట్టానికి దాటించే లాకుల్లో ఒకవైపు తలుపులు మూయకుండా రెండోవైపు తెరవరు. ఇక్కడా అంతే: వంతెన ఖాళీ అయ్యేదాకా రెండోవైపు పచ్చ పడకూడదు. వంతెన 15 మీటర్లనుకుంటే సైకిలు తొక్కేవాళ్లకి 5 సెకన్లు చాలు, నడిపించుకెళ్లే పిల్లకి 15 కావాలి. నెమ్మదిగా వెళ్లేవాళ్లతోనే లెక్క వేయాలి. పచ్చ 20, పసుపు 3, ఆ తర్వాత రెండువైపులా ఎరుపు 15 సెకన్లు.

వంతెన రెండు కొసల్లో నాటే దీపాల స్తంభాలు రెంటికీ, దీపాల వరస నడిపే బోర్డు ఒకటే పెట్టి, వంతెన వెంట తీగ లాగడం మేలు. చెరో బోర్డు పెట్టి వైఫైలో మాట్లాడిస్తే, వైఫై తెగిన క్షణాన రెండువైపులా పచ్చ పడే ప్రమాదం ఉంది.

బోర్డు ఈఎస్‌పీ8266 నోడ్‌ఎంసీయూ, అంటే వైఫై ఉన్న చిన్న కంట్రోలరు. దీపాలకి యూఎల్‌ఎన్2803 చిప్పు, బోర్డు ఇచ్చే చిన్న సంకేతంతో 12 వోల్టుల దీపాల్ని వెలిగించేది. ఒక్కో దీపంలో 12 వోల్టుల ఎల్‌ఈడీ మాడ్యూళ్లు నాలుగు, మొత్తం పావు ఆంపియరు లోపే. చిప్పులో ఒక వోల్టు దాకా పోతుంది, వెలుగుకి లోటుండదు. బోర్డు గ్రౌండూ చిప్పు 9వ కాలూ కలపడం మరిస్తే ఏ దీపమూ సరిగా వెలగదు. మొదట వెతకాల్సింది అదే.

బోర్డు మీద డీ0, డీ1 అని పేర్లున్న పిన్నుల (తీగలు కలిపే కాళ్ల) ఎంపికలో తొందరపడొద్దు. కరెంటు వచ్చి బోర్డు లేచేటప్పుడు చాలా పిన్నులు ఒక్క క్షణం ఎగిసిపడి దీపం వెలిగిస్తాయి. డీ1, డీ2 మాత్రం కదలకుండా ఉంటాయి కాబట్టి రెండు పచ్చదీపాలూ వాటికే. డీ0 లేస్తూనే పైకి ఉంటుంది, అందుకే అది ఒక ఎరుపుకి. రెండో ఎరుపు డీ5కి, పసుపులు డీ6, డీ7కి. డీ3, డీ4, డీ8 జోలికెళ్లొద్దు. వాటికి చిప్పు కలిపితే బోర్డు ఒక్కోసారి అసలు లేవదు.

ఆఫీసు గదిలో రాస్‌బెరీ పై అనే చిన్న కంప్యూటరు మీద మస్కిటో సర్వరు, ఎంక్యూటీటీ అనే సందేశాల పద్ధతితో, 1883 పోర్టు. పచ్చ వెయ్యమని అది అడగాలే కానీ, వేసేది స్తంభం దగ్గరి బోర్డు, తన వరస తప్పకుండా. ఆజ్ఞలకి రిటెయిన్ (చివరి సందేశాన్ని సర్వరు దాచి ఉంచడం) పెట్టొద్దు: కరెంటు పోయి వచ్చాక పొద్దుటి పాత ఆజ్ఞ మళ్లీ వచ్చి పడుతుంది. రౌటర్లో 2.4 గిగాహెర్ట్జ్ ఉండాలి, ఈ బోర్డుకి 5 కనిపించదు.

బిగించే ముందు రౌటరు ఆపి చూడండి, వరస ఆగకూడదు. పచ్చ వెలుగుతుండగా బోర్డు కరెంటు పీకి పెట్టండి, ఎరుపుతోనే లేవాలి.

పెట్టె ప్లాస్టిక్‌దే కావాలి, ఇనప్పెట్టెలో వైఫై అందదు. తీగలన్నీ అడుగు నుంచే, ఒక వంపు కిందికి వేలాడేలా తేవాలి. వాన నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. రంధ్రాలకి గ్లాండ్లు (తీగ చుట్టూ సందు మూసే బిరడాలు) బిగించకపోతే చీమలు, బల్లులు చేరతాయి. ఉప్పుగాలికి రాగితీగ పాడవుతుంది కాబట్టి తగరం పూసిన తీగ వాడి, టెర్మినళ్లకి వ్యాజిలీన్ రాయాలి. తుపానుల కాలం దాటాక, సంక్రాంతి సెలవుల్లో పెట్టె విప్పండి. తీగ చివర ఆకుపచ్చ పొడి కనిపిస్తే, మెరిసే రాగి వచ్చేదాకా కత్తిరించి మళ్లీ బిగించాలి.