సీసం పోసిన శనివారం

ఇవాళ రోజంతా గుండ్లు పోయడంతోనే సరిపోయింది. వచ్చే వారం బావకి తెలిసినవాళ్ల పొలంలో, టెక్సాస్‌లోని బ్రాజోస్ నది పక్కన, అడవిపందుల వేట ఉంది. మేం తీసుకెళ్లేవి పాత పద్ధతి రివాల్వర్లు. వీటికి ఇత్తడి తూటాలుండవు. సిలిండర్‌లో ఒక్కో గదిలో నల్ల తుపాకిమందు పోసి, దాని మీద సీసపు గుండు పెట్టి, రివాల్వర్‌కే బిగించి ఉన్న మీటతో లోపలికి నొక్కి, వెనకాల నిపిల్ అనే చిన్న గొట్టం మీద, దెబ్బ తగిలితే నిప్పు రాజేసే చిన్న రాగి క్యాప్ తొడగాలి. 1836లో శామ్యూల్ కోల్ట్ అమెరికాలో పేటెంటు తీసుకున్న రివాల్వర్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. అంతర్యుద్ధంలో ఆశ్వికుల నడుముకి వేలాడినవి ఎక్కువగా ఇవే.

నాది రెమింగ్టన్ 1858 నమూనా, ఇటలీలో చేసిన నకలు, .44 క్యాలిబర్. సిలిండర్ మీదుగా ఉక్కు పట్టీ ఉంటుంది కాబట్టి దిట్టమైన నిర్మాణం. బావది వాకర్ నకలు. అసలు వాకర్ 1847 నాటిది, టెక్సాస్ రేంజర్ శామ్యూల్ వాకర్ కోల్ట్‌తో కూర్చుని చేయించుకున్నది. ఖాళీగా పట్టుకుంటేనే రెండు కిలోల పైన. బావ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూడా అలిసిపోతాడు, అయినా వదలడు.

ఎంత ముచ్చటపడినా ఇవి బలం తక్కువ ఆయుధాలు, ఆ సంగతి మర్చిపోయి వేటకి పోకూడదు. .454 అంగుళాల గుండు బరువు 141 గ్రెయిన్లు, అంటే తొమ్మిది గ్రాముల చిల్లర. వేగం సెకనుకి 250 నుంచి 300 మీటర్లు. ఇప్పటి రైఫిల్ తూటా వేగంలో మూడో వంతు. కొట్టిన చోట తప్పితే, గుండు లోతుగా దిగకపోతే, పంది పొదల్లోకి పారిపోయి గంటల తరబడి నరకం అనుభవిస్తుంది. జంతువుని చంపడానికి ఒప్పుకున్నవాడు ఆ చావు త్వరగా అయ్యేలా చూడాలి. అది సగం ఈ బల్ల దగ్గరే తేలిపోతుందని నా నమ్మకం. అందుకే గుండ్లు కొనుక్కోను. నా చేత్తో పోసి, నా కంటితో చూసి ఏరుకున్నవే వాడతాను.

సీసం ఎప్పుడూ ఇళ్లు పడగొట్టే చోటు నుంచే తెచ్చుకుంటాను. పాత ఇళ్లలో పోత ఇనుప మురుగు గొట్టాల అతుకుల్లో సీసం పోసేవాళ్లు. అది మెత్తని, దాదాపు స్వచ్ఛమైన సీసం. గోరుతో గీస్తే గీత పడాలి. ఇవాళ ఒక ముక్క మీద గోరు జారిపోయింది, దాన్ని పక్కన పడేశాను. చాలామంది కారు చక్రాలకి తగిలించే బరువులు కరిగిస్తారు. వాటిలో ఆంటిమొనీ అనే మూలకం కలిసి ఉంటుంది, గట్టిగా ఉంటాయి. మధ్యలో జింకువి కూడా దొర్లుతాయి. జింకు 420 డిగ్రీల దగ్గర గానీ కరగదు కాబట్టి, వేడి అంతదాకా పోనివ్వకపోతే పైకి తేలి కనిపిస్తుంది. గమనించకుండా కరిగిపోయిందంటే మాత్రం కుండెడు సీసమూ చెడిపోయినట్టే. బ్యాటరీల సీసం జోలికైతే అసలు పోకూడదు, దాన్నుంచి విషవాయువు పుట్టే ప్రమాదం ఉంది.

మెత్తదనం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ రివాల్వర్‌లో గుండు గదికన్నా ఒక వెంట్రుక పెద్దదిగా ఉండాలి. మీట నొక్కినప్పుడు గది అంచు గుండు చుట్టూ సన్నటి ఉంగరంలా సీసాన్ని చెక్కేస్తుంది. ఆ ఉంగరం తెగకుండా చేతికి వచ్చిందంటే, లోపల గుండు గోడకి అంటుకుని కూర్చున్నట్టు. అలా కూర్చోకపోతే పేలినప్పుడు పక్క గదుల్లోకి నిప్పు పాకి అవీ ఒకేసారి పేలొచ్చు. గట్టి సీసంతో ఉంగరం సరిగా రాదు, మీట కూడా వంగిపోతుంది.

పొద్దున్నుంచీ ఉత్తరపు గాలి. గరాజ్ తలుపు పూర్తిగా పైకెత్తి, గాలి నా వీపు మీదుగా బయటికి పోయేలా బల్ల జరుపుకున్నాను. కరెంటు కుండలో సీసం 327 డిగ్రీలకి కరుగుతుంది గానీ, అచ్చు నిండాలంటే దాదాపు 380 దాకా పోవాలి. కరిగాక చిటికెడు తేనెమైనం వేసి గరిటెతో అడుగు నుంచి కలిపాను. పొగ లేచింది, అగ్గిపుల్ల చూపిస్తే మంట అంటుకుని పొగ తగ్గింది. బూడిద రంగు తెట్టు పైకొచ్చింది. దాన్ని తీసి మూతున్న డబ్బాలో వేశాను. సీసం పనిలో ఎక్కువ భయపడాల్సింది ఈ తెట్టు పొడికే. గాలిలో లేస్తుంది, బట్టలకి అంటుతుంది, చేతుల నుంచి నోట్లోకి పోతుంది. పిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త.

సరిగ్గా అప్పుడే అమ్మ టీ గ్లాసుతో గరాజ్‌లోకి వచ్చింది.

"ఈ చలిలో ఇక్కడేం చేస్తున్నావురా? కాస్త టీ తాగు."

"అమ్మా, అక్కడే ఆగు, లోపలికి రాకు. కరిగిన సీసంలో ఒక్క బొట్టు పడినా ఆవిరై మొహం మీదకి చిమ్ముతుంది. ఇంట్లో పెట్టు, వచ్చి తాగుతా."

గడప దగ్గరే నిలబడి కాసేపు చూసింది. "మా ఆఫీసుకెళ్లే దారిలో ఉండేది చూడు, గన్‌ఫౌండ్రీ, అక్కడా ఇట్లాగే పోసేవాళ్లా?" అంది. పోసేవాళ్లే, కానీ ఫిరంగులు. 18వ శతాబ్దం చివర్లో హైదరాబాద్ నిజాం కొలువులో ఉన్న ఫ్రెంచి సేనాని రేమండ్ పెట్టిన పోత కార్ఖానా అది. తోప్ కా సాంచా అని పాతబస్తీ పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. ముసారాంబాగ్ పేరులో ఉన్నదీ ఆ రేమండే. అమ్మ ఇన్నేళ్లు బస్సులో ఆ స్టాపు దాటి వెళ్లింది, ఇవాళ టెక్సాస్‌లో నా గరాజ్ గడపలో నిలబడి దాని గురించి అడిగింది. నాకు చాలా సంతోషమేసింది.

అచ్చు చల్లగా ఉన్నంతసేపు గుండ్లు ముడతలు పడతాయి. మరీ వేడెక్కితే మంచు పట్టినట్టు తెల్లగా, గరుగ్గా వస్తాయి. ఆ రెండింటికీ మధ్య లయ దొరికాక చెయ్యి ఆపబుద్ధి కాదు. అచ్చు నింపి, పైన పలక మీద చిన్న మడుగులా సీసం నిలబెడతాను. అది అద్దంలా మెరుస్తూ ఉంటుంది. కళ్లు తిప్పకుండా చూడాలి. నడిమి నుంచి సన్నగా కుంగి, ఒక్కసారిగా మసకేస్తుంది. ఆ కుంగడం గుండు చల్లబడుతూ పై నుంచి సీసాన్ని లాక్కోవడం. పైన మడుగు చాలకపోతే గుండు లోపల డొల్ల మిగిలిపోతుంది. మసకేశాక ఇంకో రెండు క్షణాలాగి, చెక్క సుత్తితో పలక పక్కకి కొడితే గుండు మీద మిగిలిన సీసపు తోక తెగుతుంది. తొందరపడితే తెగిన చోట సీసం పూసుకుపోతుంది. అచ్చు తెరిచి మడతేసిన పాత తువ్వాలు మీద గుండు పడేస్తాను. బల్ల మీద పడితే సొట్ట పడేంత మెత్తగా ఉంటుంది.

మధ్యాహ్నం నుంచి తూకం. డొల్ల ఉన్న గుండు పైకి ఏమీ తెలియదు, నున్నగా, గుండ్రంగా, అందంగా ఉంటుంది. త్రాసు మీద పెడితేనే బయటపడుతుంది. 140 నుంచి 141 మధ్య తూగినవి వేట డబ్బాలోకి. 139 తూగితే సాధన డబ్బాలోకి. అంతకన్నా తేలికైతే మళ్లీ కుండలోకే. డొల్ల ఎప్పుడూ సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకి ఉంటుంది. అలాంటి గుండు గిరగిరా తిరుగుతూ పోయేటప్పుడు పక్కకి లాగుతుంది. అట్టముక్క మీద అయితే అరంగుళం తేడా, పంది మీద అయితే గుండెకీ పొట్టకీ మధ్య తేడా. ఒక్క గ్రెయిన్ కోసం ఇంత పట్టింపా అని బావ అంటాడు. పట్టింపే.

పెద్ద మగపంది సంగతి వేరు. దాని జబ్బల మీద మృదులాస్థి లాంటి దళసరి పొర ఉంటుంది, పోట్లాటల్లో కోరల నుంచి కాపాడుకునే కవచం అది. గుండ్రటి గుండు తేలిక, దాని మీద పడితే వేగం త్వరగా చచ్చిపోతుంది. అందుకని 200 గ్రెయిన్ల పొడుగు తూటాలు కొన్ని వేరే అచ్చులో పోశాను, ముక్కు చదునుగా ఉండేవి. చదును ముక్కు కండలో వెడల్పుగా దారి చేసుకుంటుంది, బరువు దాన్ని లోపలికి తోస్తుంది. ఒక్కటే చిక్కు: రెమింగ్టన్‌లో మీట కింద సందు ఇరుకు, పొడుగు తూటా పట్టదు. సిలిండర్ బయటికి తీసి విడి ప్రెస్‌లో నొక్కుకోవాలి. వేటలో ఆరు దెబ్బల తర్వాత మళ్లీ నింపే అవసరం రాకూడదు కాబట్టి ఇంట్లోనే నింపుకుపోతాను. క్యాపులు మాత్రం పొలంలోకి దిగాకే.

టెక్సాస్‌లో భూస్వామి అనుమతి ఉంటే ప్రైవేటు భూముల్లో అడవిపందుల వేటకి 2019 నుంచి లైసెన్సు అక్కర్లేదు. పంటలు తవ్వేస్తాయి, చెరువుగట్లు కుళ్లబొడుస్తాయి, రైతులే రమ్మంటారు. జింకకి మాత్రం వేరే నియమాలు. ఇక్కడ మూతి నుంచి మందు నింపే తుపాకులకి ప్రత్యేక కాలం ఉంది గానీ, సిలిండర్‌లో నింపేవి అందులోకి రావు. సిలిండర్ రివాల్వర్ కూడా అంతే పాతది, అంతే దగ్గర నుంచి కొట్టాల్సింది, అందుకే ఆ నియమం నాకు నచ్చదు. కానీ రాసి ఉన్నది రాసి ఉన్నట్టే పాటిస్తాను.

సాయంత్రం కుండ ఆర్పి, బల్ల తడిగుడ్డతో తుడిచి, సీసం వదిలించే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని, బట్టలు విడిగా ఉతికాను. ఆ తర్వాతే టీ. రాత్రి బావ ఫోన్ చేశాడు.

"ఏవోయ్ బావా, నా వాకర్‌కి ఉన్నాయా?"

"ఉన్నాయి బావా, తూచి పెట్టాను. కానీ పాతిక గజాలు దాటితే ట్రిగ్గర్ ముట్టుకోకూడదు. పంది పక్కకి తిరిగి నిలబడాలి. ముందు కాలి వెంబడే కిందికి గురి పెట్టు, దాని గుండె మనం అనుకునేదానికన్నా ముందుకీ కిందికీ ఉంటుంది."

"తిరగకపోతే?"

"ఇంటికొచ్చేద్దాం."

సరేనన్నాడు. రేపు గొర్రె కొవ్వు కరిగించి తేనెమైనం కలపాలి, పొడుగు తూటాల గాళ్లలో పూయడానికి. పెట్రోలు జాతి నూనెలు నల్ల తుపాకిమందుతో కలిస్తే తారులా గడ్డకట్టి సిలిండర్ తిరగనివ్వవు, కొవ్వు మసిని మెత్తగా ఉంచుతుంది. హలాల్ కొట్టతను మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు పక్కన పెట్టి ఉంచుతానన్నాడు, పదింటికల్లా వెళ్లి తెచ్చుకోవాలి.