కాంటా చీటీల ప్రోగ్రామ్ రెండుసార్లు నడవకుండా లాక్ వేసిన తీరు: నా అనుభవం

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో కాంటా చీటీలను రైతుల ఖాతాలకు ఎక్కించే ప్రోగ్రామ్ ఎట్టకేలకు దారిలో పడింది. లైనక్స్‌లో టైమ్ ప్రకారం పనులు మొదలుపెట్టే క్రాన్ దాన్ని ఐదు నిమిషాలకోసారి నడుపుతుంది. యాసంగి వడ్లు దిగే రోజుల్లో ఒక్కో విడత అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. ముందటిది అయిందా లేదా అని క్రాన్ చూడదు, టైమ్ కాగానే ఇంకోటి మొదలుపెడుతుంది. రెండూ ఒకే చీటీని అందుకున్నాయంటే ఒకే తూకం రెండుసార్లు ఎక్కుతుంది.

సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు దీనికి పిడ్ ఫైల్ పెట్టిపోయారు, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌కు (ప్రాసెస్‌కు) సిస్టమ్ ఇచ్చే నంబర్ రాసిపెట్టే ఫైల్. కరెంటు పోతే ఆ ఫైల్ డిస్క్ మీద అట్లనే ఉంటుంది. అందులోని నంబర్ రీబూట్ తర్వాత వేరే ప్రాసెస్‌కు దక్కితే, మనది నడుస్తూనే ఉందనుకుని ప్రోగ్రామ్ తప్పుకుంటుంది. పైగా ఫైల్ ఉందా అని చూడడానికీ, లేకుంటే రాయడానికీ మధ్య సందులో రెండోది దూరుతుంది. రైతుల లెక్కలు చూసే ప్రోగ్రామ్‌కు ఇట్లాంటి కాపలా పెట్టి డబ్బులు తీసుకోవడం తప్పే.

దాన్ని తీసేసి, క్రాన్ లైన్‌లో కమాండ్‌కు ముందు "ఫ్లాక్ -ఎన్ /రన్/లాక్/కాంటా.లాక్" చేర్చాను. ఫ్లాక్ అనే కమాండ్ ముందు ఆ ఫైల్ మీద లాక్ తీసుకుని, ఆ తర్వాతే మన ప్రోగ్రామ్‌ను నడుపుతుంది. "-ఎన్" ఉంటే, లాక్ దొరక్కపోతే ఆగకుండా వెంటనే వెనక్కి వస్తుంది. ప్రాసెస్ చచ్చినా, కరెంటు పోయినా లాక్ దానంతటదే పోతుంది, ఎందుకంటే అది ఉండేది డిస్క్ మీద కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌లో. ఇంతవరకు సులువు.

తర్వాత అసలు చిక్కు. చీటీలు ఎక్కడం ఆగిపోయింది. ఎర్రర్ లేదు, ప్రోగ్రామ్ ఎక్కడా నడవడం లేదు, లాక్ మాత్రం ఎవరో పట్టుకునే ఉన్నారు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "రీస్టార్ట్ చేయండి సార్" అన్నారు. కెర్నెల్ తన దగ్గరున్న లాక్‌ల జాబితా చూపించే /ప్రాక్/లాక్స్‌లో కనిపించిన నంబర్‌తో ఏ ప్రాసెసూ లేదు. అక్కడ కనిపించేది లాక్ తీసుకున్నవాడి నంబర్, ఇప్పుడు పట్టుకున్నవాడిది కాదు. ఫైల్‌ను ఎవరు తెరిచి ఉంచారో చెప్పే "ఫ్యూజర్ -వి"ని లాక్ ఫైల్ మీద నడిపితే దొంగ దొరికాడు: మెసేజ్‌లు పంపే మోడెమ్ ప్రోగ్రామ్. మన స్క్రిప్టే దాన్ని బ్యాక్‌గ్రౌండ్‌లో లేపుతుంది. అట్లా లేచిన ప్రాసెస్‌కు లాక్ ఫైల్ తాలూకు ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కు ప్రాసెస్ దగ్గర ఉండే నంబర్) కూడా సంక్రమిస్తుంది. దాని కాపీలన్నీ మూసేదాకా లాక్ విడవదు.

దీనికి మందు ఫ్లాక్‌కు "-ఓ" ఇవ్వడం. కమాండ్‌కు వెళ్లే కాపీని మూసేసి ఆ తర్వాత దాన్ని నడుపుతుంది. అప్పుడు లాక్ ఫ్లాక్ ప్రాసెస్ ఒక్కదాని దగ్గరే ఉంటుంది కాబట్టి, దాన్ని మాత్రమే చంపితే ప్రోగ్రామ్ నడుస్తుండగానే లాక్ పోతుంది. స్క్రిప్ట్ లోపలే 9వ డిస్క్రిప్టర్ మీద లాక్ తీసుకునేవాళ్లు, మోడెమ్ లైన్ చివర 9>&- రాస్తే చాలు. నాకు ఈ రెండోదే నచ్చింది.

లాక్ ఫైల్‌ను ఎవరూ ఆర్ఎమ్ (డిలీట్) చేయొద్దు. లాక్ ఫైల్ పేరు మీద కాదు, ఆ పేరు వెనక డిస్క్‌లో ఉండే అసలు ఫైల్ రికార్డు అయిన ఐనోడ్ మీద ఉంటుంది. పాతది తీసేస్తే అదే పేరుతో కొత్త ఐనోడ్ పుడుతుంది, ఇద్దరికీ లాక్ దొరుకుతుంది. శుభ్రం చేయాలనే ఉత్సాహంతో స్క్రిప్ట్ చివర ఆర్ఎమ్ రాసేవాళ్లను చాలామందిని చూశాను.

లాక్ దొరకనప్పుడు ఫ్లాక్ ఆగిపోతూ ఇచ్చే ఎగ్జిట్ కోడ్ 1. ప్రోగ్రామ్ ఫెయిలైనా 1 రావచ్చు. ఫ్లాక్‌కు "-ఈ 75" (పెద్ద అక్షరం E) ఇస్తే రెండూ విడిగా తెలుస్తాయి. రెండు మిషన్ల మీద నడిపేవాళ్లకు ఒక మిషన్ డిస్క్ మీది లాక్ పనికిరాదు, రెండూ వాడే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఇచ్చే అడ్వైజరీ లాక్ వాడాలి. కనెక్షన్ తెగగానే అదీ విడిపోతుంది. ఏది వాడినా, డేటాబేస్‌లో చీటీ నంబర్ మీద ఒకే నంబర్ రెండోసారి ఎక్కనివ్వని యునీక్ ఇండెక్స్ తప్పకుండా పెట్టండి.