తేలినీలాపురంలో ఒంటికాలి గంగిరెద్దు

మూడు కిలోల బియ్యం సంచి చేత్తో పట్టుకుని బజారు నుంచి ఇంటికి నడవడం పెద్ద కష్టమేం కాదు. అదే సంచిని కంటి ఎత్తులో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఎదుటి చెట్టు మీద గూడబాతు (పెలికాన్) ఎప్పుడు రెక్క విప్పుతుందా అని పది నిమిషాలు నిలబడి చూడండి. నా నికాన్ 200-500 జూమ్ లెన్సు, దాన్ని స్టాండుకి బిగించే పట్టీ, అంటే కాలరుతో కలిపి 2,300 గ్రాములు. వెనక డీ500 కెమెరా బాడీ తగిలిస్తే మూడు కిలోలు దాటుతుంది.

పోయినేడు శ్రీకాకుళం జిల్లాలో పక్షులు గూళ్లు కట్టే ఊరు తేలినీలాపురం వెళ్లినప్పుడు ఒక చవక మోనోపాడ్, అంటే కెమెరాని నిలబెట్టే ఒంటికాలి కర్ర, పట్టుకెళ్లాను. కంపెనీ పేరు ఎందుకులెండి. దాని లాకు ఎంత బిగించినా లెన్సు బరువుకి కర్ర మెల్లగా కిందికి జారిపోయేది. వ్యూఫైండర్ కిందికి పోతుంటే దాని వెంట నేనూ వంగుతూ పోయాను. కాసేపటికి బావ వెనక నుంచి, "ఎవరికిరా ఆ దండం?" అన్నాడు. ఆ మాట ఏడాది పాటు గుర్తుండిపోయింది.

అందుకే ఈసారి సంక్రాంతి వెళ్లిన మూడో రోజే, కొత్త మోనోపాడ్‌తో విజయనగరం నుంచి బయల్దేరాం. బావదీ నాదీ ఒకటే బండి. ట్రైపాడ్ ఎందుకు కొనలేదని అడిగేవాళ్లకి ఇదే నా జవాబు. ఇద్దరు మనుషులు, రెండు కెమెరా సంచులు ఎక్కాక ఆ బండి మీద మూడు కాళ్లకి చోటు లేదు. పైగా తేలినీలాపురంలో పక్షులు అడవిలో ఉండవు. ఇళ్ల మధ్య చెట్ల మీదే ఉంటాయి. సందులో మూడు కాళ్లు చాపుకుని నిలబడితే పాల క్యాన్లు మోసేవాళ్లకి అడ్డం.

నాతవలస దగ్గర హైవే ఎక్కి, శ్రీకాకుళంలో నాగావళి, మడపాం దగ్గర వంశధార దాటి, నరసన్నపేట మీదుగా చీకటి పడేసరికి టెక్కలిలో పెద్దమ్మ ఇంటికి చేరాం. భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని కొత్త కర్ర విప్పాను. అక్కడే మొదలైంది వాదన.

కర్ర గురించి బావకి పేచీ లేదు. కొనేటప్పుడు మూడు సంగతులు చూశాను. కంపెనీవాళ్లు రాసే పది కిలోలు, పన్నెండు కిలోలు అనే అంకెని నమ్మి ఊరుకోకుండా, కొట్లోనే కర్రని పూర్తిగా సాగదీసి రెండు చేతులూ పైన వేసి నా ఒంటి బరువంతా మోపాను. జారలేదు. నాలుగు ముక్కలది కాకుండా మూడు ముక్కలది తీసుకున్నాను. ముక్కలు ఎక్కువైతే మడిచినప్పుడు పొట్టిగా ఉంటుంది గానీ, అన్నిటికన్నా కింది గొట్టం మరీ సన్నబడిపోయి బరువు పెట్టగానే ఊగుతుంది. ఇక కార్బన్ తీసుకోవాలా, అల్యూమినియమా అన్న దగ్గర పర్సు మాట విన్నాను. అల్యూమినియం.

గొడవంతా తల దగ్గరే, అంటే కర్రకీ లెన్సుకీ మధ్య బిగించే హెడ్డు దగ్గర. బావ లెన్సు సిగ్మా 150-600, 1,930 గ్రాములు. దాన్ని బంతి మీద అన్ని వైపులకీ తిరిగే బాల్ హెడ్ మీద పెట్టుకున్నాడు. నేను కొన్నది టిల్ట్ హెడ్. అది ముందుకీ వెనక్కీ తప్ప ఇంకెటూ కదలదు.

"వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టి తక్కువ తిరిగేది కొన్నావన్నమాట," అన్నాడు బావ.

నా లెక్క వేరు. మోనోపాడ్ పక్కకి తిరగాలంటే కర్రే తిరుగుతుంది. నిలువు ఫొటో కావాలంటే లెన్సు కాలరు వదులు చేసి కెమెరాని తిప్పుకుంటాం. కాస్త ఒరగాలంటే మనిషే ఒరుగుతాడు. ఇక మిగిలేది పైకీ కిందికీ, అంతే. ఆ ఒక్క కదలిక కోసం బంతి ఎందుకు? బంతి అన్ని వైపులకీ తిరుగుతుంది. ట్రైపాడ్ మీద అదే దాని గొప్ప, ఇక్కడ అదే దాని జబ్బు. లాకు వదిలామంటే పెద్ద లెన్సు పక్కకి వాలిపోతుంది. బరువైన లెన్సులకి, వాటిని ఉయ్యాలలా తూగేలా పట్టుకునే గింబల్ హెడ్ మంచిదంటారు, నిజమే, ట్రైపాడ్ మీదైతే. మామూలు గింబల్‌ని మోనోపాడ్ మీద పెడితే కర్రకి తలభారం. లెన్సు పక్కన పట్టుకునే చిన్న గింబళ్లు మోనోపాడ్ కోసమే చేసినవి ఉన్నాయి, వాటి ధర విని లేచి వచ్చేశాను.

ఇదంతా చెప్పేసరికి పెద్దమ్మ, "గంగిరెద్దులా తలూపితే చాలంటావు," అంది. రెండు రోజుల కిందటే వాకిట్లోకి వచ్చి వెళ్లిందట గంగిరెద్దు. అంతకన్నా బాగా నేను చెప్పలేను.

తెల్లారకుండా లేచి, చోడంబలి తాగి బయల్దేరాం. మంచు దట్టంగా ఉంది. ఊరు ఇంకా కనిపించకుండానే చప్పుడు వినిపించింది. గూళ్లలో పిల్లలు ఆకలికి అరుస్తున్నాయి. చింతచెట్ల కొమ్మల మీద గూడబాతులు, వాటి పక్కనే వీపు మీద గులాబీ రంగు పూసుకున్నట్టున్న ఎర్రకాళ్ల కొంగలు. ఊళ్లో అందరూ సైబీరియా నుంచి వస్తాయనే చెప్తారు గానీ, ఈ గూడబాతులు మన దేశంలోనూ శ్రీలంకలోనూ గుడ్లు పెట్టే జాతి. చలికాలం వచ్చేసరికి ఇక్కడికి చేరతాయి, గూళ్లు కడతాయి, ఎండలు ముదిరేసరికి పిల్లలతో వెళ్లిపోతాయి.

గబగబా లెన్సు బిగించి హెడ్డు లాకు కాస్త వదిలాను. లెన్సు పైకి లేవలేదు. పక్కకి ఒరిగింది, మాట వినపడనివాడు చెవి వంచినట్టు. మళ్లీ బిగించి మళ్లీ వదిలాను. మళ్లీ అదే.

తప్పు నాదే. హెడ్డు పైన ప్లేటుని పట్టుకునే క్లాంపు ఉంటుంది. కెమెరా బాడీ కింద బిగించే ప్లేటు ఎడమ నుంచి కుడికి ఉంటుంది. లెన్సు కాలరు కింద ప్లేటు ముందు నుంచి వెనక్కి ఉంటుంది. నా హెడ్డు కెమెరా బాడీ కోసం బిగించి వచ్చింది. క్లాంపుని తొంభై డిగ్రీలు తిప్పి బిగించుకోవాలి. అందుకు ఎలన్ కీ, అదే ఆరు పలకల బోల్టు విప్పే వంకర కడ్డీ, కావాలి. దాన్ని డబ్బాలోనే వేసి ఇచ్చారు. ఆ డబ్బా విజయనగరంలో, అటక మీద.

బావ నవ్వలేదు. అది ఇంకా బాధ.

చేసేదిలేక హెడ్డు విప్పేసి లెన్సుని కర్రకే నేరుగా బిగించాను. కర్ర స్క్రూ లావుది, కాలరు రంధ్రం సన్నది, మధ్యలో పెట్టే చిన్న అడాప్టరు అదృష్టం కొద్దీ సంచిలో ఉంది. హెడ్డు లేకుండా కూడా మోనోపాడ్ బాగానే పనిచేస్తుంది, పక్షి కంటి ఎత్తులో ఉన్నంతసేపు. ఇక్కడ పక్షులు చెట్ల చివర్న. పైకి చూడాలంటే కర్రనే వెనక్కి వాల్చాలి, మనమూ దాంతోపాటు వాలాలి. పది నిమిషాలకి నడుం పట్టేసింది.

అప్పుడొచ్చింది ఒక మామ్మ, చేతిలో చీపురుతో. నన్నూ కర్రనీ కాసేపు చూసి, "ఏటి బాబూ అది, కర్రకి పిరంగి కట్టినట్టున్నావు?" అంది.

"కెమెరా మామ్మా. పక్షుల్ని తీస్తన్నాం."

"తియ్యండి. గట్టిగా అరవకండి, పిల్లలున్నాయి. మా ఆడపిల్లలు పురిటికొచ్చినట్టే ఇవీను."

ఈ ఊళ్లో పక్షుల మీద రాయి పడదు. అవి రాని ఏడు పంటకి మంచిది కాదని నమ్ముతారు. 2021 చివర్లో గూడబాతులు వరసగా చచ్చిపోయిన సంగతి అడిగాను. పొట్టలో నులిపురుగులు పడి వందకి పైగా పోయాయి అప్పట్లో. మామ్మ చీపురు కింద పెట్టింది. "పొద్దున్న లేసి తలుపు తీస్తే వాకిట్లో ఒకటి పడుండీది. ముద్ద దిగీది కాదు," అని ఆగి, చెట్టు వైపు చూసి, "ఈ ఏడు బాగానే వచ్చినాయి," అని మళ్లీ ఊడ్చుకోవడం మొదలుపెట్టింది.

బావ బాల్ హెడ్ సంగతి కూడా చెప్పాలి కదా. పైన ఒక తల్లి గూటి మీదికి దిగి, పిల్ల దాని గొంతు సంచిలోకి తలంతా దూర్చేసింది. బావ హడావిడిగా లాకు వదిలాడు. సిగ్మా పక్కకి పడిపోయి హెడ్డుకీ లెన్సుకీ మధ్య వేలు నలిగింది. వేలు నోట్లో పెట్టుకుని నా వైపు చూశాడు. ఈసారి నేనూ నవ్వలేదు.

ఎండెక్కాక నౌపడ వైపు వెళ్తూ దారిలో పంక్చర్ల కొట్టు దగ్గర ఆగాం. కొట్టు కుర్రాడు ఎలన్ కీల గుత్తి తీసి, రెండో దానికే బోల్టు విప్పేసి, క్లాంపుని అడ్డంగా తిప్పి బిగించేశాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. కెమెరాలోంచి ఒకసారి చూడనివ్వమన్నాడు. రోడ్డవతల కరెంటు స్తంభం మీద కాకిని చూసి, "ముక్కు మీద మచ్చ కూడా కనపడతంది!" అన్నాడు.

సాయంత్రం మళ్లీ తేలినీలాపురం వెళ్లాం. ఇప్పుడు తల ఊపింది. అసలు సుఖం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. లాకు పూర్తిగా వదలకూడదు, పూర్తిగా బిగించకూడదు. లెన్సు బరువు హెడ్డు కీలుకి పైన ఉంటుంది కాబట్టి వదిలేస్తే ముందుకు ముక్కు వాల్చేస్తుంది. వేలితో తోస్తే కదిలి, వదిలితే ఆగేంత బిగువు చాలు. ఇంకో చిక్కు, ఈ లెన్సు జూమ్ చేస్తే ముందుకు సాగుతుంది, బరువూ దాంతోపాటే ముందుకి పోతుంది. 200 దగ్గర సరిగ్గా తూగేలా పెట్టుకుంటే 500 దగ్గర వాలుతుంది. పక్షుల దగ్గర ఎలాగూ 500 మీదే ఉంటాం, కాబట్టి పూర్తిగా సాగదీశాకే ప్లేటుని వెనకా ముందూ జరుపుకుని బిగించాను.

కర్ర పొడవు సంగతి కొనేటప్పుడు నాకు తట్టలేదు. నిటారుగా నిలబడితే వ్యూఫైండర్ సరిగ్గా కంటికి వచ్చేలా కొలుచుకుని తీసుకున్నాను. లెన్సు చెట్టు మీదికి ఎత్తేసరికి ముందు భాగం లేచి, వెనక కన్ను పెట్టే చోటు జానెడు దిగిపోయింది. మళ్లీ వంగాల్సి వచ్చింది, పోయినేటి అంత కాకపోయినా. చెట్ల మీద పక్షుల్ని తీసేవాళ్లు కంటి ఎత్తు కన్నా ఇంకో జానెడు సాగే కర్ర చూసుకోవడం మంచిది. మిగిలిన పొడవు మడిచి ఉంచుకోవచ్చు, లేనిది సాగదీయలేం.

కర్ర మొన కాస్త ముందుకి, నా రెండు కాళ్లు వెనక్కి, ఎడం చెయ్యి లెన్సు మీద, ముఖం కెమెరాకి ఆనించి పెట్టాను. లెన్సులో చేతి వణుకుని సర్దే వీఆర్ స్పోర్ట్ మోడ్‌లో. వెలుతురు తగ్గి షటర్ వేగం సెకనులో 250వ వంతుకి దించినా గూట్లో పిల్లల కళ్లు స్పష్టంగా వచ్చాయి.

మర్నాడు నౌపడ ఉప్పు మళ్ల దగ్గర అవే గూడబాతులు మేతకి దిగాయి. అక్కడ మాకు ఎదురైంది బురద. కర్ర సన్నటి మొన, పైన మూడు కిలోలు, నొక్కినకొద్దీ దిగబడిపోతోంది. మడి గట్టు మీద పనిచేస్తున్న పెద్దాయన ఒక కొబ్బరి చిప్ప విసిరి, "దీన్లో నిలబెట్టు," అన్నాడు. బోర్లించి, దాని నడుమన కన్నంలో మొన పెడితే రాయి మీద పెట్టినట్టు నిలబడింది. కొబ్బరితోటల ఉద్దానం పక్కనే ఉండగా చిప్పలకి కరువా.

ఇంటికొచ్చాక చేసిన మొదటి పని మంచినీళ్లతో కర్ర కడగడం. లాకులు విప్పితే లోపల నౌపడ బురద చెంచాడు వచ్చింది. అల్యూమినియానికి ఉప్పు పడదు, ఆరబెట్టకుండా మడిచి ఉంటే వచ్చే సంక్రాంతికి తెరుచుకునేది కాదు.

బావ బాల్ హెడ్ మార్చాడా అంటే, లేదు. నలిగిన వేలు గోరు నల్లగా అయి ఊడిపోయింది, అయినా లేదు. కొబ్బరి చిప్ప మాత్రం తనే పట్టుకుపోయాడు.